తప్పు వాల్వుదా, గాలిదా? కంప్రెసర్ నియంత్రణ వాల్వుల విశ్వసనీయతపై సమీక్ష

నంద్యాల జిల్లాలో కంప్రెసర్ మీద ఆధారపడని పెద్ద పరిశ్రమను వెతికి పట్టుకోవడం కష్టం. గడివేముల మండలం బిలకలగూడూరులోని జేఎస్‌డబ్ల్యూ, కొలిమిగుండ్ల దగ్గర 2022లో ప్రారంభమైన రామ్‌కో వంటి సిమెంటు కర్మాగారాల్లో ధూళిని పట్టే సంచులను దులపడానికి, మెత్తని పొడిని గొట్టాల వెంట తోయడానికి, పరికరాలను కదిలించడానికి ఒత్తిడి గాలి కావాలి. పాలను చల్లబరిచే కేంద్రాల్లో, శీతల గిడ్డంగుల్లో కంప్రెసర్ నొక్కేది గాలిని కాదు, అమ్మోనియా వాయువును. రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు పొందిన ఆళ్లగడ్డలో గాలి ఉలితో పని సాగించే షెడ్డుకు కూడా మూలన చిన్న కంప్రెసరొకటి తప్పదు. వీటి పరిమాణాల్లో, ఖరీదుల్లో పోలిక లేకపోయినా ఒక్క విషయంలో ఇవన్నీ సమానమే: యంత్రం ఆగిపోతే మొదటి అనుమానం వాల్వు మీదికే వెళుతుంది.

ఆ అనుమానం ఎంతవరకు న్యాయమనే ప్రశ్న మీద కంప్రెసర్ ఇంజనీర్లు నూరేళ్లకు పైగా వాదించుకుంటున్నారు. వాల్వు తయారీలోనే లోపమనేవారు కొందరు, దానిలోకి వచ్చే వాయువు శుభ్రంగా లేదనేవారు కొందరు, యంత్రాన్ని నడిపే తీరు సరిగా లేదనేవారు కొందరు, మార్చవలసిన వేళకు మార్చకపోవడమే కారణమనేవారు మరికొందరు. ఈ వాదాలన్నీ చాలావరకు చమురుశుద్ధి కేంద్రాల్లో, ఎరువుల కర్మాగారాల్లో పుట్టినవి. అక్కడి నిర్ధారణలను చిన్న పట్టణపు షెడ్డుకు, వేసవిలో 45 డిగ్రీలు తాకే ఊరికి యథాతథంగా వర్తింపజేయడంతో చర్చ మరింత చిక్కుపడింది. ఆ చిక్కును విప్పి, ఏది తేలింది, ఏది తేలలేదు అన్నది వేరు చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఏ వాల్వు గురించి మాట

వాదం చిక్కుపడడానికి మొదటి కారణం, మూడు వేర్వేరు తరగతుల వాల్వులను ఒకే గాటన కట్టడం. మొదటి తరగతిలోవి పిస్టన్ కంప్రెసర్ సిలిండరుకు అమర్చిన చూషణ, విడుదల వాల్వులు. పలుచని పలకలూ స్ప్రింగులూ గల వీటికి బయటి నుంచి ఎవరి ఆజ్ఞా అక్కరలేదు. ఇరువైపుల ఒత్తిడిలో తేడాను బట్టి అవే తెరుచుకుంటాయి, అవే మూసుకుంటాయి. నిమిషానికి 750 చుట్లు తిరిగే యంత్రంలో ఇలాంటి పలక నిమిషానికి 750 సార్లు లేచి పడుతుంది. ఏడాదిలో 6,000 గంటలు నడిస్తే ఆ లెక్క 27 కోట్లకు చేరుతుంది.

రెండో తరగతిలోవి యంత్రం సామర్థ్యాన్ని పెంచే, తగ్గించే వాల్వులు. గాలి వాడకం తగ్గినప్పుడు మోటారు తిరుగుతూనే ఉన్నా గాలి నొక్కడాన్ని ఆపే అన్‌లోడర్, స్క్రూ కంప్రెసర్ ముఖద్వారాన్ని మూసే ఇన్‌టేక్ వాల్వు, అమ్మోనియా స్క్రూ యంత్రంలో ముందుకూ వెనక్కూ జరిగి నొక్కే పొడవును మార్చే స్లైడ్ వాల్వు, వీటిని ఆడించే చిన్న సొలినాయిడ్ వాల్వు ఈ కోవలోకి వస్తాయి.

మూడో తరగతి యంత్రానికి వెలుపల, గొట్టం మీద ఉండే నియంత్రణ వాల్వులది. వీటిలో ప్రసిద్ధమైనది పెద్ద సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్లకు కాపలా కాసే యాంటీ సర్జ్ వాల్వు. ప్రవాహం ఒక హద్దు కంటే తగ్గితే వాయువు వెనక్కి తన్ని యంత్రాన్ని ఊపేస్తుంది. దీన్నే సర్జ్ అంటారు. ఆ లక్షణం కనిపించిన వెంటనే, ఒకటి రెండు సెకన్లలోపే, ఈ వాల్వు పూర్తిగా తెరుచుకుని విడుదల వైపు వాయువును చూషణ వైపుకు మళ్లించాలి.

ఈ విభజన చూడగానే ఒక సంగతి తేటపడుతుంది. మొదటి తరగతి వాల్వు ఎడతెగని కదలికతో అలసి విరుగుతుంది. మూడో తరగతి వాల్వు నెలల తరబడి కదలక బిగుసుకుపోయి, అవసరమైన క్షణంలో మొరాయిస్తుంది. ఒకదానికి కదలిక శత్రువైతే మరొకదానికి నిశ్చలత శత్రువు. నడుమనున్న రెండో తరగతికి రెండు ముప్పులూ ఉన్నాయి. కాబట్టి వాల్వులన్నింటికీ వర్తించే ఏకైక చికిత్స ఉందని చెప్పే ఏ వాదాన్నయినా అనుమానంతోనే వినవలసి ఉంటుంది.

వాదం పెరిగిన క్రమం

కొలిమిలోకి గాలి ఊదే పాత యంత్రాల్లో తోలు రెక్కలే వాల్వులుగా ఉండేవి. వేగం పెరిగేకొద్దీ అవి నిలవలేదు. 1890ల నడిమి కాలంలో ఆస్ట్రియా ఇంజనీరు హాన్స్ హోర్బిగర్ వాటి స్థానంలో తేలికైన ఉక్కు పలకను ప్రవేశపెట్టాడు. వేగంగా తిరిగే కంప్రెసర్లకు అదే దారి తీసింది. విశ్వమంతా మంచు నుంచి పుట్టిందనే విపరీత సిద్ధాంతాన్ని ప్రచారం చేసినవాడు కూడా ఆయనే కావడం విచిత్రం. సిద్ధాంతం కొట్టుకుపోయింది గాని, పలక వాల్వు నిలిచింది.

తర్వాతి అర్ధశతాబ్ది ఎక్కువగా అనుభవం మీదే నడిచింది. 1950లో మైకేల్ కాస్టగ్లియోలా స్ప్రింగుతో నడిచే వాల్వు పలక కదలికను సమీకరణాల్లో పెట్టిన తరువాత, పలక ఎంత వేగంతో పీఠాన్ని తాకుతుందో ముందే లెక్కగట్టడం సాధ్యమైంది. 1964లో అమెరికన్ పెట్రోలియం సంస్థ పిస్టన్ కంప్రెసర్లకు ఏపీఐ 618 ప్రమాణాన్ని తెచ్చింది. 1972 నుంచి పర్డ్యూ విశ్వవిద్యాలయంలో జరుగుతున్న కంప్రెసర్ సదస్సులు ఈ పరిశోధనకు కూడలి అయ్యాయి. వేడిని తట్టుకునే పీక్ అనే ప్లాస్టిక్ 1980లలో వాడుకలోకి రావడంతో ఉక్కు పలకకు పోటీ ఏర్పడింది. 1990లలో వాల్వు ఎంతమేర తెరుచుకుందో తనంతట తానే కొలిచి చెప్పగల డిజిటల్ పొజిషనర్లు వచ్చాయి. ఆ దశాబ్దపు చివర మొదలైన ఐఈసీ 61508 ప్రమాణం, భద్రతా వాల్వు అవసరానికి పనిచేయకపోయే అవకాశం ఎంతో అంకెల్లో చెప్పాలని కోరింది.

ఇన్ని మార్పుల నడుమ ఒక అంకె మాత్రం తిరుగులేని సాక్ష్యంగా స్థిరపడింది. హైడ్రోజన్ పిస్టన్ కంప్రెసర్లు ముందస్తు ప్రణాళిక లేకుండా ఆగిపోవడానికి 36 శాతం సందర్భాల్లో వాల్వులే కారణమని 1996లో వెలువడిన ఒక సర్వే చెప్పింది. అన్‌లోడర్లను అది విడిగా 6.8 శాతంగా లెక్కించింది. వాల్వులు అమ్మేవారు మొదలుకొని పరిశోధకుల దాకా అందరూ ఈ అంకెనే ఉటంకిస్తారు. అయితే ఇది ఒక వాయువుకు, ఒక రకం యంత్రానికి, మొదటి తరగతి వాల్వులకు సంబంధించిన అంకె. సిమెంటు కర్మాగారపు స్క్రూ కంప్రెసర్ గురించి ఇది ఏమీ చెప్పదు. అంతకంటే ముఖ్యం, యంత్రం విప్పినప్పుడు విరిగిన పలక కంటికి కనిపిస్తుంది గాని, దాన్ని విరగ్గొట్టిన నీటి ముద్ద అప్పటికే పోయి ఉంటుంది. రికార్డులో మిగిలేది వాల్వు పేరు. ఈ వాదమంతటికీ మూలమైన చిక్కు ఇక్కడే ఉంది.

లోపం వాల్వు నిర్మాణంలోనే ఉందనే పక్షం

ఈ పక్షం వాదన సూటిగా ఉంటుంది: పలక ఎంత ఎత్తు లేస్తే వాయువు అంత సులువుగా పోతుంది, విద్యుత్తు అంత ఆదా అవుతుంది, కాని ఎత్తు పెరిగేకొద్దీ పలక పీఠాన్ని తాకే వేగం పెరిగి, కోట్ల దెబ్బల తర్వాత అంచుల్లో పగుళ్లు పుడతాయి. కాబట్టి ఎత్తు, స్ప్రింగు బిగి, పలక పదార్థం అనే మూడింటినీ ఆ వాయువుకు, ఆ ఒత్తిడికి తగినట్టు కుదిర్చితే సమస్య తీరుతుంది. ఉక్కు బదులు పీక్ వాడితే పలక తేలికవుతుంది, చిన్న రజను పడినా తనలో ఇముడ్చుకుంటుంది, విరిగినా సిలిండరు గోడను అంతగా గీయదు.

ఈ వాదనకు బలమైన ఆధారాలున్నాయి, వాటిని తోసిపుచ్చలేం. అయితే పదార్థం ఎంపికలో సర్వత్రా మంచిదంటూ ఏదీ లేదని రబ్బరు ఉదాహరణే చెబుతుంది. అన్‌లోడర్లలో, ఇన్‌టేక్ వాల్వుల్లో ఓ-రింగులకు వాడే మామూలు నైట్రైల్ రబ్బరు వంద డిగ్రీల ప్రాంతంలో ఏళ్ల తరబడి ఉంటే గట్టిపడి పగులుతుంది. దాని బదులు రెండు వందల డిగ్రీల దాకా నిలిచే విటాన్ రకం రబ్బరు వేస్తే గాలి కంప్రెసర్‌లో ఆయుష్షు పెరుగుతుంది. కాని ఖరీదైన అదే రింగును అమ్మోనియా యంత్రంలో వేస్తే ఆ వాయువు దాన్ని పాడుచేస్తుంది, అక్కడ నియోప్రీన్ వంటిదే తగినది. ఇత్తడి భాగాల సంగతీ అంతే. గాలికి ఇబ్బంది లేని ఇత్తడిని అమ్మోనియా తినేస్తుంది. నంద్యాల వంటి ఊళ్లో ఒకే మెకానిక్ ఉదయం గాలి యంత్రాన్ని, సాయంత్రం శీతల గిడ్డంగి యంత్రాన్ని విప్పవలసి వచ్చినప్పుడు, ఒకే పరిమాణంలో ఉన్న రెండు నల్లని రింగుల మధ్య తేడా గుర్తించడం కూడా విశ్వసనీయతలో భాగమే అవుతుంది.

తప్పు వచ్చే గాలిదేననే పక్షం

మిగతా పక్షాల కంటే ఈ పక్షానికి నంద్యాల, ఆళ్లగడ్డల్లో ఎక్కువ బలం ఉంది. దుమ్ము, నీరు, వేడి అనే మూడూ ఇక్కడ ఒకేచోట, ఒక్కో రుతువులో ఒక్కొక్కటి ముందుకు వస్తూ కనిపిస్తాయి.

దుమ్ముతో మొదలుపెడితే, రాయి చెక్కే షెడ్డులో గాలిలో తేలే రజనులో స్ఫటిక కణాలుంటే అవి మామూలు ఉక్కు కంటే గట్టివి. అవి చూషణ ఫిల్టరును దాటి లోపలికి వెళితే వాల్వు పీఠం మీద ఇసుక కాగితంలా పనిచేస్తాయి. పీఠం అరిగితే వాల్వు పూర్తిగా మూసుకోదు, నొక్కిన వేడి గాలి వెనక్కి జారుతుంది, జారిన గాలిని యంత్రం మళ్లీ నొక్కడంతో వేడి ఇంకా పెరుగుతుంది. ఫిల్టరు మూసుకుపోయినా ప్రమాదమే. లోపల చూషణ బలం పెరిగి, ఫిల్టరు అంచున రబ్బరు సరిగా కూర్చోని చోటు నుంచి శుభ్రం కాని గాలే లోనికి వస్తుంది. రాయి చెక్కే చోటికి, కంప్రెసర్ గాలి పీల్చే చోటికి నడుమ ఒక గోడ కట్టడం, పీల్చే గొట్టాన్ని కప్పు పైకి తీసుకుపోవడం ఏ ఖరీదైన వాల్వు కంటే అయినా చవకైన చికిత్స అని ఈ పక్షం చెబుతుంది. సిమెంటు కర్మాగారంలో కూడా కంప్రెసర్ గది ఎక్కడ కట్టారన్నది, గాలి ఎటు వీస్తుందన్నది వాల్వు ఆయుష్షును నిర్ణయిస్తాయి.

నీటి లెక్క మరింత ఆశ్చర్యం కలిగిస్తుంది. వానకాలంలో 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న రోజున ఒక ఘనమీటరు గాలిలో దాదాపు 21 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఆ గాలిని వాతావరణ ఒత్తిడికి ఎనిమిది రెట్లు నొక్కి 40 డిగ్రీలకు చల్లబరిస్తే అందులో 6 నుంచి 7 గ్రాముల ఆవిరి మాత్రమే నిలుస్తుంది. మిగిలిన 14, 15 గ్రాములు నీరై కారుతుంది. నిమిషానికి పది ఘనమీటర్ల గాలిని నొక్కే మధ్యస్థ యంత్రం ఎనిమిది గంటల షిఫ్టులో దాదాపు 70 లీటర్ల నీటిని పుట్టిస్తుందన్నమాట. ట్యాంకు అడుగున ఉండే డ్రెయిన్ తెరవడం మరిచిపోతే ఆ నీరు నూనెతో కలిసి తెల్లని ముద్దగా మారి సొలినాయిడ్ వాల్వు సన్నని రంధ్రాల్లో చేరుతుంది. లోపల తుప్పు రేకులు లేచి పొజిషనర్ నాజిల్‌ను మూసేస్తాయి. అప్పుడు ఆగిపోయేది వాల్వే, కాని దాని లోపం అందులో ఏమీ లేదు.

పరికరాలకు వాడే గాలి ఎంత పొడిగా ఉండాలో ఐఎస్‌ఏ 7.0.01 ప్రమాణం చెబుతుంది: గొట్టంలోని ఒత్తిడి దగ్గర తేమ నీరయ్యే ఉష్ణోగ్రత, ఆ చోట నమోదయ్యే కనిష్ఠ ఉష్ణోగ్రత కంటే కనీసం 10 డిగ్రీలు తక్కువగా ఉండాలి, కణాల పరిమాణం 40 మైక్రాన్లకు మించకూడదు. రాత్రి వేడి 13 డిగ్రీలకు దిగువకు పోని చోట 3 డిగ్రీలు సాధించే శీతలీకరణ డ్రయరే ఈ షరతును తీరుస్తుంది; మంచు దేశాలకు అవసరమైన ఖరీదైన రసాయన డ్రయర్లు ఇక్కడ చాలాచోట్ల అక్కరలేదు. అయితే ఈ డ్రయర్ల సామర్థ్యాన్ని సాధారణంగా 35 డిగ్రీల వేడితో వచ్చే గాలికి లెక్కగట్టి రాస్తారు. మే నెలలో నంద్యాలలో బయటి గాలే 45 డిగ్రీలు ఉన్నప్పుడు, కంప్రెసర్ నుంచి వచ్చే గాలి అంతకంటే వేడిగానే డ్రయర్‌లోకి ప్రవేశిస్తుంది కాబట్టి, పత్రం మీది సామర్థ్యం దొరకదు. ఎంపిక చేసేటప్పుడు ఒక పరిమాణం పెద్దది తీసుకోవాలనే సలహాకు ఆధారం ఇదే.

వేడి ప్రభావం వాల్వు మీద నేరుగా కూడా పడుతుంది. ఒకే దశలో గాలిని ఎనిమిది రెట్లు నొక్కే ఆదర్శ యంత్రంలోకి 25 డిగ్రీల గాలి వస్తే విడుదల ఉష్ణోగ్రత 267 డిగ్రీలకు, 45 డిగ్రీల గాలి వస్తే 303 డిగ్రీలకు చేరుతుంది. అంటే పీల్చే గాలిలోని 20 డిగ్రీల తేడా విడుదల వాల్వు దగ్గర 36 డిగ్రీలవుతుంది. నిజమైన యంత్రంలో సిలిండరు రెక్కల ద్వారా కొంత వేడి బయటికి పోతుంది కాబట్టి అంకెలు తగ్గుతాయి గాని, తేడా మిగిలే ఉంటుంది. ఆ వేడిలో నూనె మాడి విడుదల వాల్వు మీద నల్లని బొగ్గు పొరగా పేరుకుంటుంది. రెండు దశల్లో నొక్కి నడుమ చల్లబరిచే యంత్రంలో అదే 45 డిగ్రీల గాలి ప్రతి దశలో సుమారు 155 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఖర్చు తగ్గించుకోవడానికి ఒకే దశ యంత్రాన్ని కొని, ఆ తరువాత వాల్వు నాణ్యతను తప్పుపట్టడం, సమస్య పుట్టిన చోటు వదిలి తేలిన చోట వెతకడమే.

నడిపే తీరు గురించిన పక్షం

కంప్రెసర్‌కు, వాడకానికి మధ్య గాలిని నిలవ ఉంచే ట్యాంకు చిన్నదైతే ఒత్తిడి త్వరగా పడిపోతుంది, త్వరగా పెరుగుతుంది. అన్‌లోడర్ నిమిషానికి ఒకసారి చొప్పున కదిలితే రోజుకు పది గంటలు, ఏడాదికి మూడు వందల రోజులు నడిచే షెడ్డులో 1,80,000 సార్లు తెరచి మూస్తుంది. ట్యాంకు పరిమాణం రెట్టింపు చేసినా, ప్రెషర్ స్విచ్ పై హద్దుకు కింది హద్దుకు మధ్య తేడాను రెట్టింపు చేసినా ఆ సంఖ్య దాదాపు సగమవుతుంది. వాల్వును తాకకుండానే దాని ఆయుష్షును పెంచే ఇంతటి సులువైన మార్గం మరొకటి లేదు. ఒత్తిడి హద్దుల తేడా పెంచితే విద్యుత్తు కొంత ఎక్కువ ఖర్చవుతుంది, శిల్పి చేతిలోని ఉలి దెబ్బ కూడా ఎక్కువ తక్కువలవుతుంది. కాబట్టి ట్యాంకు పెంచడమే మేలైన దారి.

మోటారు వేగాన్నే మార్చే వీఎఫ్‌డీ యంత్రాలు ఈ పక్షానికి కొత్త ఆయుధం. వేగమే తగ్గితే అన్‌లోడర్ అవసరం దాదాపు లేకుండాపోతుంది. కాని అలా తొలగిన యాంత్రిక బలహీనత స్థానంలో ఎలక్ట్రానిక్ బలహీనత వచ్చి చేరుతుంది. చాలా వీఎఫ్‌డీలు 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకు రూపొందించినవి. ఆపైన సామర్థ్యం తగ్గించి వాడాలి, పెట్టెలోని ఫ్యాను ఫిల్టరు సిమెంటు ధూళితో నిండకుండా చూడాలి. అన్‌లోడర్ చెడితే స్థానిక మెకానిక్ గంటల్లో బాగుచేస్తాడు. వీఎఫ్‌డీ కార్డు చెడితే అది ఊరు దాటి ప్రయాణం చేయవలసిందే. పెద్ద కర్మాగారానికి లాభసాటి అయిన ఈ మార్పు చిన్న షెడ్డుకు కూడా అంతే లాభమని చెప్పడం తొందరపాటు.

విద్యుత్తు నాణ్యత కూడా ఈ కోవలోదే. ఏసీ విద్యుత్తుతో నడిచే సొలినాయిడ్‌కు ఓల్టేజీ చాలనప్పుడు లోపలి ఇనుప కడ్డీ పూర్తిగా పైకి లేవదు; లేవనంత సేపు కాయిల్ ఎక్కువ కరెంటు తీసుకుంటూనే ఉండి చివరికి కాలిపోతుంది. కాలిన కాయిల్ బదులు అదే రకం మరొకటి వేయడం కంటే, డీసీ కాయిల్‌తో పాటు చిన్న విద్యుత్ సరఫరా పెట్టె అమర్చడం ఎక్కువ కాలం నిలిచే ఉపాయం.

పెద్ద పిస్టన్ యంత్రాల్లో చూషణ వాల్వును ప్రతి చుట్టులో కొంత సేపు మాత్రమే తెరిచి ఉంచి సామర్థ్యాన్ని అంచెలు లేకుండా మార్చే విధానం, సెంట్రిఫ్యూగల్ యంత్రాల్లో సర్జ్ హద్దుకు ఎంత దగ్గరగా నడపాలన్న వివాదం ఈ పక్షంలోని ఇతర అంశాలు. అవి ఎరువుల, చమురు పరిశ్రమలకు ప్రధానమైనవి. ఇక్కడి చర్చకు వాటి ప్రాధాన్యం తక్కువ.

ఎప్పుడు మార్చాలి

గంటలు లెక్కపెట్టి, చెడినా చెడకపోయినా వాల్వు విడిభాగాల కిట్టు మార్చాలనేది పాత నియమం. 1978లో అమెరికా విమానయాన రంగం నుంచి వచ్చిన నౌలన్, హీప్ నివేదిక దీన్ని కుదిపేసింది. విమాన భాగాల్లో వయసుతో పాటు అరిగి చెడేవి 11 శాతమేనని, చాలా భాగాలు కొత్తగా బిగించిన తొలి రోజుల్లోనే ఎక్కువగా చెడతాయని అది చూపింది. అంటే బాగా నడుస్తున్న వాల్వును విప్పి బిగించడమే కొత్త లోపాలకు దారి కావచ్చు. కంప్రెసర్ పలక వాల్వులకు ఈ నిర్ధారణ పూర్తిగా వర్తించదు. అలసటతో విరిగే లోహానికి వయసు నిజంగానే ముఖ్యం. స్ప్రింగులకూ రబ్బరు రింగులకూ గడువు పెట్టి, వాల్వు శరీరాన్ని మాత్రం లక్షణాలు చూసి విప్పడం అనే మధ్యేమార్గం ఎక్కువమంది ఒప్పుకొనేది. లక్షణాలు తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలే కావాలని లేదు. పిస్టన్ యంత్రంలో చూషణ వాల్వు మూత మీద చేయి పెట్టలేనంత వేడి ఉంటే, ఆ వాల్వు కారుతోందని ఏ పాత మెకానిక్ అయినా చెబుతాడు. డిజిటల్ ఉష్ణమాపకం చెప్పేది కూడా ఆ మాటే, కాకపోతే అంకెలో.

విశ్వసనీయత అంటే చెడకుండా ఉండే కాలం మాత్రమేనా, చెడిన తర్వాత లేచి నిలిచే వేగం కూడానా అన్న ప్రశ్న ఇక్కడ కీలకం. ఒక ఊహా లెక్క తీసుకుంటే, 3,000 గంటలకు ఒకసారి చెడి ఆరు గంటల్లో బాగయ్యే వాల్వు ఉన్న యంత్రం 99.8 శాతం కాలం అందుబాటులో ఉంటుంది. 6,000 గంటలకు ఒకసారి మాత్రమే చెడి, విడిభాగం కోసం 120 గంటలు ఎదురుచూడవలసిన వాల్వు ఉన్న యంత్రం 98 శాతమే అందుబాటులో ఉంటుంది. రెట్టింపు మన్నిక గల వాల్వు ఈ పోటీలో ఓడిపోతుంది. ఆళ్లగడ్డ షెడ్డులో బీరువాలో పెట్టుకున్న ఒక కిట్టు విలువ ఈ లెక్కలో తెలుస్తుంది. వాల్వు తయారీదారుల సాహిత్యంలో ఈ లెక్క అరుదుగా కనిపించడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

అరుదుగా కదిలే మూడో తరగతి వాల్వులకు తర్కం వేరు. చెడిన సంగతి అవసరం వచ్చేదాకా తెలియదు కాబట్టి, ఎంత తరచుగా పరీక్షిస్తారన్నదే వాటి విశ్వసనీయతను నిర్ణయిస్తుంది. ప్రమాదకరంగా, కనిపించకుండా చెడే అవకాశం యాభై ఏళ్లకు ఒకటి అనుకుంటే, ఏడాదికోసారి పరీక్షించే వాల్వు అవసరమైనప్పుడు పనిచేయకపోయే అవకాశం సగటున నూటికి ఒకటి. అయిదేళ్లకోసారి పరీక్షిస్తే అది నూటికి అయిదుకు పెరుగుతుంది. యంత్రాన్ని ఆపకుండానే వాల్వును పదో వంతు మేర కదిపి చూసే పాక్షిక పరీక్ష బిగుసుకుపోవడాన్ని పట్టిస్తుంది గాని, వాల్వు పూర్తిగా మూసుకుంటుందా లేదా అన్నది చెప్పదు.

అమ్మోనియా ప్రత్యేకత

2020 జూన్ 27న నంద్యాలలోని ఒక పరిశ్రమలో అమ్మోనియా లీకై ఒకరు మరణించారు. గాలి కంప్రెసర్ వాల్వు చెడితే పని ఆగుతుంది. అమ్మోనియా వలయంలో పోయేది పని ఒక్కటే కాదు. అందుకే వాల్వును ఆడించే గాలి గాని, నూనె ఒత్తిడి గాని, కరెంటు గాని పోయినప్పుడు అది ఏ స్థితికి చేరాలన్న ప్రశ్న ఇక్కడ అన్నింటికంటే ముందు వస్తుంది. పిస్టన్ రకం అమ్మోనియా యంత్రాల్లో దీనికి అందమైన పరిష్కారం చాలాకాలంగా ఉంది. యంత్రం మొదలయ్యేటప్పుడు నూనె ఒత్తిడి ఉండదు కాబట్టి స్ప్రింగులు చూషణ పలకలను పైకెత్తి ఉంచుతాయి, యంత్రం భారం లేకుండా తిరుగుతుంది. నూనె ఒత్తిడి కుదిరాకే పలకలు కిందికి దిగి పని మొదలవుతుంది. నడుస్తుండగా నూనె ఒత్తిడి పోయినా యంత్రం తనంతట తానే భారం వదిలేస్తుంది.

ఈ యంత్రాల్లో పలకలు విరగడానికి పెద్ద కారణం ద్రవ అమ్మోనియా ఆవిరి కాకుండా సిలిండరులోకి జారడం. ద్రవం నొక్కుడు పడదు. పిస్టన్ పైకి వచ్చేసరికి పలకో, మూతో ఏదో ఒకటి తెగవలసిందే. దాన్ని ఆపేది వాల్వు కాదు, చూషణ మార్గంలో ద్రవాన్ని వేరుచేసే పాత్ర, దానిలోని మట్టాన్ని చూసే ఫ్లోట్. గాలి యంత్రం విషయంలో రెండో పక్షం చెప్పిందే ఇక్కడ మరింత గట్టిగా రుజువవుతుంది.

పక్షాల పోలిక

నాలుగు పక్షాలనూ పక్కపక్కన పెడితే, నిర్మాణ పక్షం ఇరవై నాలుగు గంటలూ ఒకే భారంతో, శుభ్రమైన వాయువుతో నడిచే పెద్ద యంత్రాలకు బాగా సరిపోతుంది. అక్కడ మిగతా కారణాలను ముందే తొలగించి ఉంటారు కాబట్టి పలక నాణ్యతే చివరి అడ్డంకి అవుతుంది. వాయువు శుభ్రతను పట్టుబట్టే పక్షం దుమ్ము, తేమ ఎక్కువగా ఉన్న చోట, నిర్వహణ సిబ్బంది తక్కువగా ఉన్న చోట బలపడుతుంది. సిమెంటు కర్మాగారాల్లో, ఆళ్లగడ్డ షెడ్లలో మొదటి రూపాయి ఖర్చు పెట్టవలసింది ఫిల్టరు, డ్రెయిన్, డ్రయర్ మీదనే అన్నది పై లెక్కలను బట్టి బలంగా చెప్పవచ్చు. నడిపే తీరు పక్షానికి వాడకం ఎగుడుదిగుడుగా ఉండే చోట ప్రాధాన్యం. గాలి ఉలి వాడకం స్వభావం అదే. మార్పిడి కాలం గురించిన వాదం మిగిలిన మూడింటికీ ప్రత్యామ్నాయం కాదు, వాటిని అమలుచేసే క్రమం మాత్రమే. దాన్ని విడి సిద్ధాంతంగా నిలబెట్టడం వల్ల చర్చ అనవసరంగా పెరిగింది.

తేలని అంశాలు

నకిలీ కిట్ల ప్రశ్న వీటిలో మొదటిది. స్థానికంగా దొరికే చవక రింగులు, డయాఫ్రమ్‌లు అసలు కంపెనీవాటితో పోలిస్తే ఎంతకాలం నిలుస్తాయన్న వాదంలో ఇరువర్గాలకూ సొంత ప్రయోజనాలున్నాయి. అసలుది కొనమనేవాడు అమ్మకందారు, అక్కరలేదనేవాడు ఖర్చు భరించేవాడు. పదార్థం ఏదో, గట్టిదనం ఎంతో రింగు సంచి మీద రాసి ఉంటే ఈ వాదం సగం తీరుతుంది.

రెండోది, ప్రమాణాలకు ఆధారమైన పరీక్షా పరిస్థితులు. 25 డిగ్రీల గదిలో, శుభ్రమైన గాలితో కోటి సార్లు ఆడిన సొలినాయిడ్, సున్నపు ధూళి నిండిన 45 డిగ్రీల షెడ్డులో ఎన్నిసార్లు ఆడుతుందో ఆ అంకెను బట్టి చెప్పలేం. వేడి, ధూళి, తేమ విడివిడిగా కాక కలిసి చేసే నష్టం వాటి మొత్తం కంటే ఎక్కువా అన్నదానిపై అభిప్రాయాలు ఇంకా కుదరలేదు.

మూడోది, 36 శాతం అంకె దగ్గర చెప్పుకున్న రికార్డు సమస్య. కర్మాగారాల బ్రేక్‌డౌన్ పుస్తకంలో సాధారణంగా చెడిన భాగం పేరు, మార్చిన తేదీ, పట్టిన గంటలు ఉంటాయి. విప్పినప్పుడు వాల్వు లోపల నీరు కనిపించిందా, నల్లని పొర ఉందా, పీఠం మీద గీతలున్నాయా, ఫిల్టరు ఎప్పుడు మార్చారు, ఆ రోజు ట్యాంకు డ్రెయిన్ నుంచి ఎంత నీరు వచ్చింది అన్న నాలుగైదు గళ్లు అదనంగా ఉంటే, రెండు వేసవులు, రెండు వానకాలాలు గడిచేసరికి వాల్వుదా తప్పు, గాలిదా అన్నదానికి ఆ ఊరికి, ఆ యంత్రానికి సరిపోయే జవాబు ఆ పుస్తకంలోనే దొరుకుతుంది. 36 శాతం అనే అంకెకు బదులు నంద్యాలకు సొంత అంకె ఏర్పడాలంటే ప్రస్తుతానికి ఉన్న మార్గం అదొక్కటే.